భుజం దాటిన చెయ్యి

ప్రశాంతి మెళ్ళో పసుపుతాడు రంగు ఇంకా దిగలేదు. బెళుగుప్పకు కాపరానికొచ్చిన ఈ కొద్దిరోజుల్లో ఆ పిల్లకు ఆ ఇంట్లో నచ్చనిదంటూ ఏదీ కనబడలేదు. పొద్దున్నే అత్త రామలక్ష్మమ్మ బొరుగులు నానేసి, తాళింపు పెట్టి చేసే ఉగ్గాని నచ్చింది. దానిలోకి నంచుకునే మిరపకాయ బజ్జీ కళ్ళ వెంట నీళ్ళు తెప్పిస్తే అదీ నచ్చింది. మొగుడు రాఘవేంద్ర కొత్తగా కొన్న సెల్ ఫోన్ నచ్చింది. మిద్దె మీద నీళ్ళతొట్టి ఎక్కితే తప్ప దానికి సిగ్నల్ రాదు. ఆయన ఆ తొట్టి మీద నిలబడి శెనక్కాయల ధర గురించి ఊరంతా వినేటట్టు అరుస్తుంటే, కింద నిలబడి నవ్వడం ఇంకా నచ్చింది. సాయంత్రమైతే ఎర్రమట్టి మీద చల్లగా తిరిగే గాలి నచ్చింది. అనంతపురం హాస్టల్లో డిగ్రీ చదివినన్నాళ్ళూ గాలికి మొహం వాచిన పిల్ల మరి.

అందరికంటే నచ్చినవాడు మామ ఓబులేసు. వసారాలో నులకమంచమే ఆయన లోకం. ట్రాక్టరు మీదనుంచి పడితే నడుముకు రెండుసార్లు కోశారు. కోతలు మానాయి గానీ నొప్పి మానలేదు. పెళ్ళికి కూడా ఆయన్ను మంచంతోనే మోసుకొచ్చి పందిట్లో దించారు. నడుం దగ్గర మొదలై ఎడమ మడమ దాకా పోయే ఆ నొప్పిని ఆయన కోడలికి చాలా ఓపిగ్గా వివరించేవాడు.

"కత్తికి మిరప్పొడి పూసి ఎవురో లాగతాండారు తల్లీ. లాగి, మల్లా మొదుట్నుంచి లాగతాండారు."

అంత బాధలోనూ కోడలు కనబడితే ఆయన మొహం విచ్చుకునేది. "మా ఇంటికి ఇంగిలీసు లచ్చిమి వచ్చినాది" అని దావన పోయేవాళ్ళను పిలిచి చెప్పేవాడు. ప్రశాంతి ఆ మాటకు రోజంతా లోపల్లోపల మురిసిపోయేది.

అత్తతో స్నేహం వేరే రకం. రామలక్ష్మమ్మ పొద్దున సేద్యం పనులు చూసుకుని వచ్చి, తలంటుకుని, మూరెడు కనకాంబరాలు పెట్టుకుని, వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని దర్జాగా కూర్చునేది. పక్కింటి నారాయణమ్మ వస్తే ఇద్దరూ ఊళ్ళో వాళ్ళందరినీ ఒక్కొక్కరినే ఆడిపోసుకునేవాళ్ళు. ఒకనాడు మొగవాళ్ళకు చెప్పకుండా కోడల్ని వెంటేసుకుని బస్సెక్కి కళ్యాణదుర్గం పోయి సినిమా చూసొచ్చింది. నవ్వొస్తే మాత్రం ముందుపన్ను లేని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

"ఆ పన్ను ఎట్ల పోయింది అత్తా?"

"పోయినాది లే. పండ్లు పోకుండా ఉంటాయా ఎవురికైనా?"

బెంగుళూరు ఆస్పత్రి సంగతి తెచ్చింది రాఘవేంద్రే. అక్కడ ఉత్తరాదినుంచి వచ్చిన డాక్టరొకాయన, తగ్గని నడుంనొప్పులకు కరెంటు పెట్టి నయం చేస్తున్నాడని ఎవరో చెప్పారు. సుమో మాట్లాడుకుని, వెనక సీట్లో పరుపేసి ఓబులేసును పండబెట్టి తీసుకుపోయారు. డాక్టరుకు తెలుగూ రాదు, కన్నడమూ రాదు. ఇంగ్లీషులో ఆయన చెప్పిందంతా ప్రశాంతి పూసగుచ్చినట్టు మామకు చెప్పింది. వెన్నెముక లోపల నరాల తాడు పక్కన సన్నటి తీగ పెడతారు. అందులో కొద్దిగా కరెంటు పోతుంది. నొప్పి మెదడుకు చేరకముందే ఆ జివ్వుమనడం దాన్ని కప్పేస్తుంది. ముందు పరీక్షగా తీగ చివర బయటికి ఉంచి, నడుముకు కట్టిన పెట్టెకు తగిలించి ఇంటికి పంపుతారు. ఒక వారం చూసి, గుణం కనబడితే బ్యాటరీతో సహా ఒంట్లోనే పెట్టి కుట్టేస్తారు. కనబడకపోతే తీగ లాగేసి దండం పెడతారు.

"ఈ వారం వంగకూడదంట మామా. నడుం తిప్పకూడదంట. చెయ్యి భుజం దాటి పైకెత్తకూడదంట. తీగ ఇంకా అతుక్కోలేదు కదా, ఊరికే జారిపోతుందంట."

"నువ్వు చెప్పినట్ల ఇంటా తల్లీ" అన్నాడు ఓబులేసు.

తీగ పెట్టించుకుని ఇంటికొచ్చిన పొద్దున ఒక చిక్కు వచ్చిపడింది. పెట్టె ఓబులేసు వీపు వైపు బెల్టులో ఉంది. దాని మీద రాతలు ఇంగ్లీషులో ఉన్నాయి. చదవగలిగింది కోడలు. ఆ ఇళ్ళల్లో కోడలు మామను తాకదు. మామ మంచం మీదుంటే గడప దాటి ఆ పక్కకు రాదు. చివరికి రామలక్ష్మమ్మ మొగుడి వెనక మోకాళ్ళ మీద కూర్చుంది. ప్రశాంతి గడప ఇవతల నిలబడి, పండక్కి ముగ్గు చెప్పే పిల్లలా ఉత్సాహంగా చెప్పసాగింది.

"పైకి చూసే బాణం గుర్తుంది చూడు అత్తా, అది ఒకసారి నొక్కు. చాలు. మామా, ఎట్లుంది?"

"ఏమీ లేదు."

"ఇంకోసారి నొక్కత్తా."

"ఆఁ! జివ్వుమంటాండాది. ఇంగా... ఇంగొంచెం... ఆడే, ఆడే! చీమలు పారుతాండాయి తల్లీ. నొప్పి మింద చీమలు పారుతాండాయి!"

ఓబులేసు మంచం పట్టె పట్టుకుని లేచాడు. నిలబడ్డాడు. ఒక అడుగు వేసి, దాన్ని నమ్మలేక ఇంకో అడుగు వేశాడు. పశువుల కొట్టం దగ్గర చొప్ప మోస్తున్న పాలేరు మద్దిలేటి మోపు కింద పడేసి "రెడ్డి లేచినాడు, రెడ్డి లేచినాడు!" అని వీధిలోకి పరుగెత్తాడు. ప్రశాంతి గంతులేసినంత పనిచేసింది. బెల్లం ముక్కలు కొట్టి వచ్చినవాళ్ళందరికీ పంచింది. రామలక్ష్మమ్మ మాత్రం ఇంకా మోకాళ్ళ మీదే ఉంది. బటన్ నొక్కిన వేలు అట్లే గాల్లో ఉండిపోయింది. సంతోషం పట్టలేక అట్లయిందనుకుంది కోడలు.

సాయంత్రం దాకా ఓబులేసు వీధులన్నీ తిరిగి వచ్చాడు. వాకిట్లో నారాయణమ్మతో మాట్లాడుతూ రామలక్ష్మమ్మ అలవాటుకొద్దీ కుర్చీలో కూర్చుని ఉంది. ఆయన్ను చూడగానే నారాయణమ్మ కొంగు సర్దుకుని మాట మధ్యలోనే లేచిపోయింది. ఓబులేసు కుర్చీ చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"కుర్చీ బాగుండాదే. నేను పండుకున్నంక కొన్నట్లుండావు. ఎవురు కుచ్చుంటారు దీంట్లో?"

"ఎవురొస్తే వాళ్ళు."

పెద్ద శబ్దమేమీ రాలేదు. వంటింటి కిటికీలోంచి చూస్తున్న ప్రశాంతికి, అత్త చెంప మీద దోమ వాలితే మామ కొట్టాడేమో అనిపించింది. రెండోసారి కొట్టినప్పుడు దోమ కాదని తెలిసింది. అత్త చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కుర్చీలోంచి లేచి, దాన్ని ఎత్తి గోడ పక్కన పెట్టి, లోపలికొచ్చి సంగటి ఎసరు చూసింది. నడింట్లో రాఘవేంద్ర టీవీ సౌండు పెంచాడు.

ఆ రాత్రి మిద్దె మీద ప్రశాంతి మొగుణ్ణి అడిగింది. "మామ మునుపు ఇట్లేనా?"

"మునుపా? మునుపటి దెబ్బల ముందర ఇది యాడ!" రాఘవేంద్ర ఏదో చిన్నప్పటి ముచ్చట చెబుతున్నట్టు నవ్వాడు. "నాయన లేచినాడు, ఇంగ ఇల్లు ఇల్లు మాదిరి ఉంటాది. అమ్మకూ బాగ అలుసైపోయినాది లే. నువ్వేం మనసులో పెట్టుకోవద్దు. నిన్నేమన్నా అన్నాడా?"

అనలేదు. అదే ఆ పిల్లకు తెల్లారేదాకా నిద్ర పట్టనివ్వలేదు.

మరునాడు అత్తాకోడళ్ళు ఇద్దరూ విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నారు. మిషనుకు వేస్తే గింజ పైపొర రేగి మొలక రాదని, విత్తనపు కాయ ఆ ఇంట్లో చేత్తోనే ఒలుస్తారు. రామలక్ష్మమ్మ గంపలోంచి తలెత్తకుండా అడిగింది.

"పాపా, ఆ తీగ లోపల పెట్టొద్దని డాక్టరుకు చెప్పేదానికి అయితాదా?"

"అదేంది అత్తా?"

"ఈ పన్ను యట్ల పోయినాదని అడిగితివి కదా. పులుసులో ఉప్పు ఎక్కువైనాదని చెంబు తీసి ఇసిరినాడు. ఈ ఏలు చూడు, తలుపు సందులో పెట్టి మూసినాడు. ఈ పక్క చెవి నాకు వినబడదు, నువ్వు ఈ పక్కనుంచి పిలిస్తే నేను పలకను, చూసినావా ఎప్పుడన్నా? పెండ్లయినంక నేను నేనుగా బతికింది ఆయప్ప మంచాన పండుకున్నంకనే."

ప్రశాంతి చేతిలో కాయ చేతిలోనే ఉంది. "కానీ ఒక మనిషి బతికినంత కాలం ఆ నొప్పితో అల్లాడాలని ఎట్ల కోరుకుంటావత్తా? నేను మామతో మాట్లాడతా. నా మాట వింటాడు చూడు."

రామలక్ష్మమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

ప్రశాంతి మాట్లాడింది కూడా. గడప ఇవతల నిలబడి, "మామా, అత్తను కొట్టద్దండి. చూడలేకపోతున్నా" అంది. ఓబులేసు ఎంతో ప్రేమగా విన్నాడు. "అయ్యో నా తల్లీ, నీ మనసు ఎన్నముద్ద మాదిరి ఉండాది. నీ కంట్లో నీళ్ళు రానిస్తానా నేను?" అన్నాడు. ఆ మధ్యాహ్నం రామలక్ష్మమ్మను పశువుల కొట్టంలోకి పిలిచాడు, కోడలి కంట పడకుండా. తిరిగొచ్చినప్పుడు ఆమె ఎడమచెయ్యి గిన్నె ఎత్తలేకపోయింది. కొట్టలేదు, మెలిపెట్టాడంతే.

"కోడలికి చాడీలు చెప్తావా అని అడిగినాడు పాపా. నువ్వు ఇంగ నా తరఫున మాట్లాడొద్దు, నీకు పుణ్యముంటాది."

ఆ తర్వాత రామలక్ష్మమ్మ అడిగిన ప్రశ్న చాలా మామూలుగా, గింజలెన్ని పట్టాయని అడిగినట్టు ఉంది.

"చెయ్యి యంత పైకెత్తితే ఆ తీగ జారుతాదనె డాక్టరు?"

"భుజం దాటితే అత్తా. మెలి తిరిగితే ఇంకా తొందరగా."

"ఒకసారి ఎత్తితేనేనా?"

"ఏమో. ఎక్కువసార్లు ఎత్తితే ఖాయమనుకో."

"సరేలే" అని రామలక్ష్మమ్మ చేట అందుకుంది.

తెల్లారి ఓబులేసు స్నానం బదులు తడిగుడ్డతో ఒళ్ళు తుడిపించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వసారాలోకి వచ్చాడు. చేను చూసి రావాలని సరదా పడుతున్నాడు. వాకిట్లో మద్దిలేటి ఉన్నాడు, విత్తనాల కోసం వచ్చిన ఇద్దరు రైతులున్నారు. వాళ్ళందరి ముందూ రామలక్ష్మమ్మ గోడ పక్క కుర్చీ తెచ్చి వేసుకుని కూర్చుంది. కాలు మీద కాలు వేసుకుంది.

"లెయ్" అన్నాడు ఓబులేసు.

"యాడికి లేసేది? కాళ్ళు నొస్తాండాయి."

"నాకు ఎదురు మాట్లాడతాండావా?"

"మాట్లాడక? నువ్వు దున్నపోతు మాదిరి పండుకోనుంటే శెనక్కాయ అమ్మినదాన్ని నేను. నీ కొడుకు పెండ్లి చేసినదాన్ని నేను. నీ కింద ఒంటికి రెంటికి ఎత్తిపోసినదాన్ని నేను. ఏమప్పా మద్దిలేటీ, అబద్ధమా? ఆయప్ప పండుకున్నంక ఈ ఇంట్లో కూడు బాగ ఉడుకుతాండాదని ఊరంతా అంటాంది. మల్లా పోయి పండుకోమని చెప్పు."

మద్దిలేటి నేల చూశాడు. రైతుల్లో ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆ దగ్గుతో ఓబులేసు మొహం మాడిపోయింది.

అప్పుడు చూసింది ప్రశాంతి, వసారా స్తంభానికి ఆనించి ఉన్న చర్నాకోలను. ఎద్దుల్ని అమ్మేసినప్పటినుంచీ అది కొట్టంలో, పైన చూరుకు వేలాడుతూ దుమ్ము పట్టి ఉండేది. ఇప్పుడు దుమ్ములేదు. తోలు వారుకు నూనె కూడా రాసినట్టుంది. మామ చేతికి అందేంత దూరంలో, కావాలని పెట్టినట్టే ఉంది. దాన్ని అక్కడ పెట్టిందెవరో ప్రశాంతికి తెలిసిపోయింది. చెంప మీద కొట్టాలంటే చెయ్యి భుజం దాటనక్కర్లేదు. చర్నాకోలతో కొట్టాలంటే దాటాలి.

ఓబులేసు దాన్ని అందుకున్నాడు. మొదటి దెబ్బ కుర్చీ చేతికి తగిలింది. రెండోది భుజానికి. రామలక్ష్మమ్మ లేవలేదు.

"ఇంతేనా? మంచంలో ఉండి సత్తువ పోయినట్లుండాదే!"

ఆయన చెయ్యి తలకంటే పైకి లేచింది. నడుం మెలి తిరిగింది. వారు గాల్లో ఈల వేసింది.

'మామా, చెయ్యి ఎత్తద్దు!' ఈ ఒక్క మాట చాలు. ఓబులేసు ఆగిపోతాడు, నడుం సంగతి గుర్తొచ్చి బెదిరి ఆగిపోతాడు. ఆ మాట ప్రశాంతి నాలుక చివరిదాకా వచ్చింది. కుర్చీలోంచి కిందికి జారుతున్న రామలక్ష్మమ్మ కోడలి వైపు చూసింది. కాపాడమని కాదు. నోరు మూసుకోమని. ప్రశాంతి కొంగు నోట్లో కుక్కుకుంది. కుక్కుకుని, ఒక్కొక్క దెబ్బకూ ఆ చెయ్యి ఎంత ఎత్తు లేస్తోందో చూస్తూ నిలబడింది. రైతులు వెళ్ళిపోయారు. జాకెట్ చిరిగి వీపు మీద వాతలు లేచాయి. ఒక దెబ్బ చెవి మీద పడింది. అది ఎటూ వినబడని చెవే. రామలక్ష్మమ్మ నేలమీదినుంచి, ఊపిరి అందకపోయినా, "ఇంగా, ఇంగా" అని రెచ్చగొడుతూనే ఉంది.

ఉన్నట్టుండి ఓబులేసు చెయ్యి పైనే ఆగిపోయింది. "ఏందిది? పక్కటెముకల్లో గుంజతాండాదే..." అన్నాడు ఆశ్చర్యంగా. చర్నాకోల జారిపోయింది. మరుక్షణం నోరు తెరిచి, అరుపు కూడా రాక, నిలువునా కూలిపోయాడు.

రాఘవేంద్ర మిద్దె దిగి పరుగెత్తుకొచ్చేసరికి వసారాలో ఇద్దరూ చెరోపక్క పడి ఉన్నారు. తండ్రిని ఎత్తి మంచం మీద వేశాడు. తల్లిని చూసి, "నాయనకు ఒళ్ళు బాగలేదని తెలిసీ ఎందుకు నోరు చేసుకుంటివి మా?" అని విసుక్కున్నాడు.

ఆ రోజే సుమో కట్టుకుని బెంగుళూరు వెళ్ళారు. రామలక్ష్మమ్మ కూడా వస్తానని పట్టుబట్టింది. వాతలు కనబడకుండా పట్టుచీర నిండుగా కప్పుకుంది. లోపలికి ఒక్కరే రావాలన్నారు. "నువ్వే పో. నాకా ఇంగ్లీషు యాడ అర్థమైతాది" అని రాఘవేంద్ర భార్యను ముందుకు తోశాడు.

డాక్టరు ఎక్స్‌రే చూశాడు. కొంచెం దిగులుగా, చాలా మర్యాదగా ప్రశాంతితో మాట్లాడాడు. "తీగ బాగా కిందికి జారింది. ఫరవాలేదు. జారకముందు నొప్పి తగ్గిందా, అది చెప్పండి చాలు. తగ్గి ఉంటే పరీక్ష నెగ్గినట్టే. అసలుది పెట్టేటప్పుడు కుట్లు వేసి కట్టేస్తాం. అతుక్కున్నాక ఆయన చేతులెత్తవచ్చు, పొలం పనీ చేసుకోవచ్చు. చాలా ఏళ్ళు హాయిగా ఉంటారు."

బల్ల మీద ఓబులేసు బోర్లా పడుకుని, మెడ మాత్రం తిప్పి కోడల్ని చూస్తున్నాడు. చెమటతో మొహం తడిసిపోయింది.

"చెప్పు తల్లీ. దేవుని మాదిరి నడిచినానని చెప్పు. ఊరంతా తిరిగినానని చెప్పు."

ప్రశాంతి ఇంగ్లీషులో స్పష్టంగా, వాక్యం తడబడకుండా చెప్పింది. "లేదు డాక్టర్. మొదటి రోజు కూడా తగ్గలేదు. మా కోసమని పళ్ళు బిగించి నాలుగడుగులు వేశారు, అంతే."

డాక్టరు నొసలు ముడిచాడు. గోడకున్న అట్ట తీసి ఓబులేసు ముందు పట్టుకున్నాడు. దాని మీద వరసగా బొమ్మ మొహాలు ఉన్నాయి. ఒక చివర నవ్వే మొహం, ఇంకో చివర ఏడ్చే మొహం. "తీగ జారకముందు రోజుల్లో ఎలా ఉండిందో వేలితో చూపించమనండి."

"మామా" అంది ప్రశాంతి, "ఇప్పుడు నొప్పి ఎట్లుండాదో చూపించమంటున్నాడు."

ఓబులేసు తన వేలిని ఏడ్చే మొహం మీద పెట్టాడు. సరిగ్గా అర్థం కాదేమోనని అట్ట వంగిపోయేటట్టు నొక్కాడు.

డాక్టరు నిట్టూర్చి, అట్ట గోడకు తగిలించేశాడు. ఇట్లాంటి శరీరాలు కొన్ని ఉంటాయనీ, ఒకసారి పనిచేయని మనిషికి మళ్ళీ పెట్టడం న్యాయం కాదనీ, క్షమించమనీ అన్నాడు. నర్సు చేతికి తొడుగులు వేసుకుంది.

"ఏమంటాండాడు తల్లీ? లోపల పెడతాడంటనా?"

"ముందు ఇది తీయాలంట మామా. కదలకుండా పండుకోండి."

ఆయన బుద్ధిగా కదలకుండా పడుకున్నాడు. నర్సు పట్టీలు ఊడదీసి తీగ లాగింది. ఏ అడ్డమూ లేకుండా, పిండిలోంచి వెంట్రుక వచ్చినట్టు వచ్చేసింది. అంత సన్నటిదా అనుకుంది ప్రశాంతి. నర్సు దాన్ని చుట్ట చుట్టి చెత్తబుట్టలో వేయడం ఓబులేసు చూశాడు.

"కొత్తది ఎప్పుడు పెడతాడంట?"

"మీ ఒంటికి పడదంట మామా."

ఓబులేసు ఒక్క ఉదుటున చెయ్యి చాచి కోడలి మణికట్టు పట్టుకున్నాడు. ఆయన ఆమెను తాకడం అదే మొదలు. అరచెయ్యి చిన్నపిల్లవాడి చెయ్యిలాగా తడిగా ఉంది.

"నువ్వు సరిగ్గా చెప్పలేదేమో తల్లీ. ఇంగొక్కసారి అడుగు. నీ కాళ్ళు పట్టుకుంటా. ఇంగొక్క తీగ. నీ బిడ్డ మాదిరి అనుకోని అడుగు."

ప్రశాంతి డాక్టరు వైపు తిరిగింది. బయట బెంచీ మీద అత్త పొద్దుటినుంచీ పస్తుతో కూర్చుని ఉంది. క్యాంటీన్ అనే మాట మామకు తెలుసు గనక ఆ మాట రాకుండా, తినడానికి ఇక్కడ ఎక్కడైనా ఏమన్నా దొరుకుతుందా అని చాలా బతిమాలుతున్నట్టు అడిగింది.

ఈ సమయంలో ఇదేం ప్రశ్న అన్నట్టు డాక్టరు ఒక క్షణం చూశాడు. తర్వాత పాపం ఆకలి వేసిందేమోనని, బొటనవేలు కిందికి చూపించి, లిఫ్టు వెనకాల అని చెప్పాడు.

ఓబులేసు కళ్ళు ఆ వేలి మీదే ఉన్నాయి.

"లేదంట మామా" అంది ప్రశాంతి.